వెయ్యి గజాల రైఫిల్‌కు 308 ఆ, 6.5 ఆ? మా ఇంటి పంచాయితీ జర తెంపుండ్రి

హాలియా_పోరడు
అన్నలు, అక్కలు, మా బామ్మర్ది టెక్సాస్‌ల ఉంటడు, పోయినేడు గ్రీన్ కార్డు చేతికొచ్చింది. కారు మారుస్తడేమో అనుకున్నం, ఆయనేమో రైఫిల్ కట్టిస్త అంటున్నడు. కొనుడు కాదు, కట్టిచ్చుడు. యాక్షన్ (తూటా ఎక్కిచ్చి పేల్చే నడిమి భాగం) ఒకకాడ, బ్యారెల్ (గొట్టం) ఒకకాడ, స్టాక్ (భుజానికి ఆనిచ్చే భాగం) ఇంకోకాడ తెప్పిచ్చి గన్‌స్మిత్‌తోని బిగిపిస్తడంట. వేట గీట లేదు, వెయ్యి గజాల టార్గెట్ కొట్టాలె, అంతే.

ఆయన 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా సైజుకే కట్టియ్యాలె అని ఖాయం చేసుకున్నడు. మా మామ ఫౌజ్‌ల చేసి రిటైరైండు, ఆయన వీడియో కాల్‌ల "308 తూటా తప్ప ఇంకోటి ముట్టకు, మేం ఫౌజ్ రైఫిల్ ఎస్ఎల్ఆర్‌తోని కొట్టిన తూటా అదే" అని మొదలువెట్టిండు. ఇగ ఆదివారం ఫోన్ అంటే ఇదే లొల్లి, పిల్లల ముచ్చట సుత లేదు. నేను గచ్చిబౌలి రేంజ్‌ల రెండేండ్లు ఎయిర్ రైఫిల్ కొట్టిన గాబట్టి నన్ను పెద్దమనిషిని చేసి కూసోబెట్టిండ్రు. నాకు తెలిసింది 10 మీటర్లు, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. జర చెప్పుండ్రి.

మాజీ_ఫౌజీ_అచ్చంపేట
తమ్మీ, మీ మామ చెప్పింది కరెక్ట్. ఎస్ఎల్ఆర్‌ది 7.62 నాటో, 308 విన్‌చెస్టర్ దాని అన్న, 1952ల మార్కెట్‌లకొచ్చింది. డెబ్బై ఏండ్లసంది దుకాన్ల దొరుకుతనే ఉన్నది, ఏ ఊర్ల అడిగినా దొరుకుతది. బ్యారెల్ 5 వేల రౌండ్లు నిమ్మళంగ గుంజుతది. 6.5 అయితే 2 వేలు, 3 వేలకే బ్యారెల్ గొంతు (తూటా దూరే మొదలు) కాలిపోతది. నిన్నమొన్నటి తూటాలకు మురువొద్దు.

పాలమూరు_ఫిజిక్స్_సార్
ఫౌజీ గారూ, నిన్నమొన్నటిది అంటే 2007 నాటిది, మరీ పసిపిల్ల కాదు. అమెరికా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు కూడా వాళ్ల స్నైపర్ రైఫిళ్లకు దాన్నే తీసుకున్నారు.

లెక్క చూద్దాం. 6.5 తూటా అడ్డం 6.7 మిల్లీమీటర్లు, 308ది 7.8. బరువు మాత్రం కొంచెమే తక్కువ, 140 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) దాకా వస్తుంది, అంటే సన్నగా పొడుగ్గా ఉంటుంది. వెదురుకట్టెను మొన ముందుకు పెట్టి విసిరితే గాలిని చీల్చుకుంటూ పోతుంది చూడండి, అట్లన్నమాట. ఈ గుణాన్ని కొలిచే అంకె బీసీ (బాలిస్టిక్ కోఎఫిషియెంట్), ఎంత ఎక్కువుంటే గాలిని అంత బాగా చీలుస్తుంది. హార్నడీ అనే తూటాల కంపెనీ వాళ్ల 140 గ్రెయిన్ల మ్యాచ్ తూటాకి 0.646, అదే రకం 168 గ్రెయిన్ల 308కి 0.523. కంపెనీ తూటాలుగా రెండూ గొట్టం నుంచి బయటికొచ్చే వేగం సెకనుకు 2700 అడుగుల దగ్గరే. బయల్దేరింది ఒక్క వేగంతోనే, కానీ దారిలో 308 అలిసిపోతుంది.

గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఉందనుకోండి, మన దగ్గర పతంగి లేవడానికి సరిపోయే గాలే. వెయ్యి గజాల దగ్గర 175 గ్రెయిన్ల 308 దాదాపు 8 అడుగులు పక్కకు పోతుంది, 6.5 ఒక 6 అడుగులు. ఎఫ్-క్లాస్ (పడుకుని చాలా దూరం కొట్టే పోటీ) టార్గెట్ మీద పది మార్కుల గుండ్రం మొత్తం 10 అంగుళాలే అని మర్చిపోకండి.

సూర్యాపేట_బుగ్గ
వెయ్యి గజాలంటే ఎంత సార్, మాకు అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి

పాలమూరు_ఫిజిక్స్_సార్
914 మీటర్లు. నాగార్జునసాగర్ 26 గేట్లున్న రాతికట్ట ఉంది కదా, అది కిలోమీటరున్నర దగ్గర. ఒక కొస నుంచి కట్టలో మూడింట రెండొంతుల దూరంలో పళ్లెమంత గుండ్రం పెట్టి కొట్టాలి.

సూర్యాపేట_బుగ్గ
వామ్మో. నాకు ఆ దూరంల మనిషే కనవడడు

మాజీ_ఫౌజీ_అచ్చంపేట
సార్, కాయితం మీద లెక్క మంచిగనే ఉంటది. గాలికి జల్ది కదిలే తూటాతోనే గాలి చదువుడు వస్తది. సైకిల్ నేర్వకుంటనే బుల్లెట్ బండి ఎక్కిస్తరా పోరగానికి?

పాలమూరు_అక్క_22
అన్నా, ఈ మాట నేను ఒప్పుకోను. నేను 50 మీటర్ల ప్రోన్ (బోర్ల పండుకొని) కొడత, 22 బోర్ చిన్న తూటా రైఫిల్‌తోని. గాలి నేర్వాలంటే భుజం నొచ్చే రైఫిలే ఉండాల్నని ఏం లేదు, తప్పెక్కడ జరిగిందో కనవడాలె. 308 దెబ్బకు స్కోప్ ఎగురుతది, తూటా యాడ తగిలిందో నువ్వు జూసుకునే లోపట అంతా అయిపోతది, 6.5 మెత్తగ తంతది గాబట్టి స్కోప్‌ల కన్ను తియ్యకుంటనే తగిలిన జాగ చూడొచ్చు, నేర్చుకునేటోనికి అదే పెద్ద లాభం. ఇంకోటి, గాలిని జెండా జూసి సగమే చదువుతరు, మిగతా సగం ఎండమావి. మా దిక్కు రోహిణి కార్తెల పన్నెండింటికి చెల్క మీదికెల్లి జూస్తే నీళ్లలెక్క ఊగుతది గదా, స్కోప్ జర ఫోకస్ ఇవతలికి తిప్పితే అదే కనవడతది. ఎటు ఒరిగి పారితే గాలి అటే పోతున్నట్టు. నిట్టనిలువుగ ఉడికితే గాలి లేనట్టు, లేకుంటే ఎదురుంగనో ఎనుకకెల్లో వస్తున్నట్టు. టెక్సాస్‌ల సుత ఎండలు మస్తే అంటరు, మీ బామ్మర్దికి ముందుగాల ఒక 22 కొనుక్కొమ్మను, పైసలు తక్కువ, పాఠం ఎక్కువ.

నల్లగొండ_టు_డాలస్
లేట్‌గ వచ్చిన. నేను ఇక్కడ నాలుగేండ్లసంది మ్యాచ్‌లు కొడుతున్న. అందరు తూటా గురించే కొట్లాడుతున్నరు, ఆయన ఏ పోటీకి పోతడో ఒక్కరన్న అడిగిండ్రా? ఎఫ్-క్లాస్‌ల రెండు రకాలు. ఎఫ్-టీఆర్ అంటే రూల్ ప్రకారమే 308 లేకపోతే 223 తూటా, ఇంకోటి రానియ్యరు, బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల స్టాండ్) తోని కలిపి 8.25 కిలోలు దాటొద్దు. అక్కడ మామనే గెలిచిండు. అదే ఎఫ్-ఓపెన్ అయితే 10 కిలోల దాకా, అక్కడ 284 విన్‌చెస్టర్ లాంటి 7 మిల్లీమీటర్లోళ్లది రాజ్యం, 6.5 క్రీడ్‌మూర్ తీస్కపోతే వెనకనే ఉంటడు. పీఆర్ఎస్ అని ఉరుకుకుంట, గోడల మీదికెల్లి కొట్టే పోటీ ఒకటుంటది, దాంట్ల ఇప్పుడు ఎక్కువ మంది 6 మిల్లీమీటర్లకు పోయిండ్రు. అంటే మీ మామ, బామ్మర్ది కొట్లాడుతున్న రెండిట్ల 308కి సొంత క్లాస్ ఉన్నది, 6.5కి ఏ క్లాస్‌ల పెద్దరికం లేదు గని ఎఫ్-టీఆర్ తప్ప మిగతా వాటిల్ల కూసుంటది.

బ్యారెల్ అరుగుడు సంగతి పక్కకు పెట్టుండ్రి ఫౌజన్న. మ్యాచ్ తూటా ఒక్కొక్కటి డాలరున్నర అనుకున్నా 2500 కొట్టేసరికి 3750 డాలర్లు తూటాలకే పోయినయి, కొత్త బ్యారెల్ బిగిపిచ్చినా దాంట్ల నాలుగో వంతు. టైర్లు అరుగుతయని ట్రాక్టర్ షెడ్‌ల పెట్టుకుంటమా.

ఇంకో మాట, 308 తీస్కుంటే 168 గ్రెయిన్ల పాత మ్యాచ్ తూటా వెయ్యి గజాలకు కొనొద్దు, అది 300 మీటర్ల పోటీ కోసం చేసింది, అంత దూరం పోయేసరికి వేగం శబ్దం కన్న కిందికి దిగుతది, అప్పుడు తడబడి అడ్డం తిరుగుతది. నా డబ్బులు అట్లనే పోయినయి.

సూర్యాపేట_బుగ్గ
మనకాడ గిట్ల కట్టిచ్చుకోవచ్చా అన్నా

నల్లగొండ_టు_డాలస్
ఆ ఆలోచనే వద్దు తమ్మీ. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండ తుపాకి చేసుడే నేరం. లైసెన్స్ ఉన్నోళ్లకు సుత 2019 సవరణ తర్వాత మూడు కాదు, రెండే. ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీల చేసిన 315, 30-06 తూటాల రైఫిళ్ల లాంటియి ఉంటయి.

హాలియా_పోరడు
అందరికి దండాలు. నిన్న ఫోన్ చేసి అడిగిన, ఏ పోటీ అని. సప్పుడు లేదు. ఇప్పటిదాంక ఒక్క క్లబ్బు గడప తొక్కలేదంట! దగ్గర్ల రేంజ్ ఉన్నది గని 600 గజాలే, వెయ్యి గజాలది నాలుగ్గంటలు బండి నడుపాలె. 600కి తేడా ఎంతుంటది సార్?

పాలమూరు_ఫిజిక్స్_సార్
అదే గాలికి ఇంచుమించు 8 అంగుళాలు. జానెడు.

మాజీ_ఫౌజీ_అచ్చంపేట
జానెడుకు నాలుగు ఆదివారాలు ఖరాబ్ చేసిండ్రా మీరు

నల్లగొండ_టు_డాలస్
అయితే గిట్ల చెయ్యిమను. షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకు చేసిన యాక్షన్) తీస్కోమను, 308కి 6.5కి బోల్ట్ మొఖం (తూటా అడుగును పట్టుకునే జాగ) ఒక్కటే, బ్యారెల్ మారిస్తే చాలు. మొదలు 6.5 బ్యారెల్, లోపటి గాడి 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. ముందుగాల పోయి 600ల నలుగురు ఏం కొడుతున్నరో జూసి రమ్మను, ఎఫ్-టీఆర్ మీద మనసైతే రెండో బ్యారెల్ 308 బిగిపిచ్చుకుంటడు. కాకుంటే బ్యారెల్ మార్చినప్పుడల్లా స్కోప్ జీరో (గురి సరిగ్గ ఉన్నదా అని) మళ్ల జూసుకోవాలె.

హాలియా_పోరడు
ఇద్దరు ఒప్పుకున్నరు అన్నా! మామ అయితే మస్తు ఖుషీ, "308 బ్యారెల్ పైసలు నేనిస్త, దసరాకు పోయి మొదటి తూటా నేనే కొడత" అంటున్నడు. విజిటర్ వీసాకు అప్లై చేసిండ్రు.

నల్లగొండ_టు_డాలస్
ఆగు ఆగు. విజిటర్ వీసా, హెచ్1బీ ఉన్నోళ్లు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవద్దని ఇక్కడ ఫెడరల్ చట్టం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నయి గని. బామ్మర్దికి గ్రీన్ కార్డు గాబట్టి నడుస్తది. మామ సంగతి ముందుగాల వకీల్‌ను అడుగుండ్రి.

హాలియా_పోరడు
గీ ముచ్చట మామకు ఎవరు చెప్తరు ఇప్పుడు? నేనైతే చెప్ప. ఫౌజన్నా, మీ నంబర్ ఇయ్యనా ఆయనకు?

మాజీ_ఫౌజీ_అచ్చంపేట
నాకు యాసంగి నాట్లున్నయి తమ్మీ