పొందూరు వడుకు మాటల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఉద్యోగం మానాలా, పార్ట్‌టైమ్‌లో చేయాలా?

ప్రశ్న అడిగినది: పొందూరు పిల్ల

అందరికీ నమస్కారం. మాది పొందూరు. నాకు 28 ఏళ్లు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం. తిరిగి ఇంటికి వచ్చేసరికి ఆరు దాటుతుంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ గేటు రోజుకి రెండుసార్లు బస్సు కిటికీలోంచి చూస్తాను. చూసిన ప్రతిసారీ మనసు లాగుతుంది.

మా మామ్మకి 79 ఏళ్లు. ఇంకా నూలు వడుకుతోంది. పొందూరు సన్న ఖద్దరు గురించి చాలామందికి తెలుసు గానీ, ఆ నూలు ఎలా వస్తుందో దగ్గర నుంచి చూసినవాళ్లు తక్కువ. గింజ మీద ఉండగానే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి. ఆ దవడలో పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. చెత్త అంతా పోయి పోగులు తిన్నగా అవుతాయి. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుడతారు. ఏకులకి తేమ, దుమ్ము తగలకుండా ఎండిన అరటి దొప్పలో పెడతారు. ఆ తర్వాతే రాట్నం. ఇందులో ప్రతి పనికీ, ప్రతి సామానుకీ, నూలులో వచ్చే ప్రతి లోపానికీ ఒక మాట ఉంది. పోగు తెగితే ఒక మాట, ముడి పడితే ఒకటి, ఒకచోట లావై ఒకచోట సన్నమైతే ఇంకొకటి. ఇవి నేను పాఠంలో నేర్చుకున్నవి కావు. మామ్మ పక్కన కూర్చుని విన్నవి.

ఈ మాటల మీదే పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. ఒక గైడ్ గారిని కలిసి చెప్పాను. "ఇందులో సాహిత్యం ఏముందమ్మా? ఒక కవిని తీసుకో, తొందరగా అయిపోతుంది" అన్నారు. ఆ రోజు బస్సులో ఇంటి దాకా ఏడుస్తూనే వచ్చాను. మా కాలేజీ యాజమాన్యాన్ని పార్ట్‌టైమ్ కోసం ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అడిగితే ఇవ్వం అన్నారు. నాకు వచ్చేది నెలకి 16 వేలు. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నాన్నకి మగ్గం పని మునుపటిలా లేదు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవడం కష్టం.

నా సందేహాలు ఇవి. అసలు ఇది పరిశోధన అవుతుందా? పార్ట్‌టైమ్‌లో చేస్తే విలువ ఉంటుందా? 28 ఏళ్లకి మొదలుపెట్టడం ఆలస్యమా? ఇంట్లో పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి, ఆ టెన్షన్ వేరే. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు: రోజూ పాసింజర్

చెల్లెమ్మా, నేను విజయనగరంలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. విశాఖకి రైల్లో తిరుగుతూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశాను. నా సబ్జెక్టు వేరు, కానీ రూల్స్ అందరికీ ఒకటే కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు నడుస్తున్నవి యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 2022 నవంబరులో ఇచ్చిన రూల్స్. పార్ట్‌టైమ్‌కి అనుమతి ఉంది. మన రాష్ట్రంలో ఏపీఆర్‌సెట్ (పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్లలోనూ పార్ట్‌టైమ్ సీట్లు చూపిస్తారు. కానీ పనిచేసే చోటు నుంచి ఎన్‌వోసీ తప్పనిసరి. అందులో మూడు మాటలు ఉండాలి: పార్ట్‌టైమ్‌లో చదవడానికి అభ్యంతరం లేదని, ఉద్యోగం చేస్తూనే పరిశోధనకి సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి (పీహెచ్‌డీలో హాజరు కావాల్సిన తరగతులకి) రిలీవ్ చేస్తామని. మీ కాలేజీ ఇవ్వనంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. బతిమాలి తీసుకున్నా, తర్వాత సెలవు అడిగిన ప్రతిసారీ అదే గొడవ. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. మనిషి వెళ్లి కూర్చోవాల్సిందే. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ ఇస్తామని ఎవరైనా చెబితే దగ్గరికి పోకండి.

విలువ మాటకొస్తే, డిగ్రీలో తేడా ఏమీ ఉండదు. ఫుల్‌టైమ్ వాళ్లకి ఎలా మూల్యాంకనం జరుగుతుందో పార్ట్‌టైమ్ వాళ్లకీ అలాగే జరగాలని ఆ రూల్స్‌లోనే ఉంది. వయసు గురించి అసలు దిగులు వద్దు. నేను రిజిస్టర్ అయ్యేసరికి నాకు 36, చిన్నబాబుకి రెండేళ్లు. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతి సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు. పెళ్లి మాటలు నడుస్తున్నాయన్నారు కదా, ఈ సంగతి సంబంధం చూసేటప్పుడే వాళ్లకి చెప్పండి. తర్వాత చెబుదాంలే అని ఊరుకోకండి.

గైడ్‌ని అడిగే ముందు రెండు విషయాలు కనుక్కోండి. ఆయన చేతిలో ఖాళీ ఉందా? ప్రొఫెసరైతే ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మాత్రమే తీసుకోవచ్చు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల కంటే తక్కువ ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. మా స్నేహితురాలు ఒకరు ఇది తెలియక ఏడాది పాటు ఒకరి చుట్టూ తిరిగింది.

జవాబు: టెక్కలి, ప్రస్తుతం హైదరాబాద్

నాది కొంచెం వేరే మాట. పార్ట్‌టైమ్ ఆలోచన వదిలేయండి, నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొట్టండి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లూ నెలకి 37,000, తర్వాత 42,000. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. మీ జీతానికి రెట్టింపు పైనే. ఫుల్‌టైమ్‌లో చేరినవాళ్లకే ఇస్తారు. జేఆర్ఎఫ్‌కి వయసు 30 లోపు అంటారు గానీ ఆడవాళ్లకి అయిదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి మీకు కంగారు లేదు.

ఇంకో మార్పు చాలామందికి ఇంకా తెలియదు. 2024 జూన్ నుంచి నెట్‌లో జేఆర్ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతలతో పాటు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే మూడో అర్హత కూడా ఉంది. జేఆర్ఎఫ్ రాకపోయినా ఆ స్కోరుతో చేరొచ్చు. స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. కాకపోతే అది ఒక్క ఏడాదే చెల్లుతుంది.

ఊరు దాటి రండి అని కూడా అంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఉంది, కుప్పంలో ద్రావిడ యూనివర్సిటీ ఉంది. ఇంట్లో ఉండి పరిశోధన చేస్తే చుట్టం వచ్చినా, పండగ వచ్చినా పని ఆగిపోతుంది. సొంత ఊరి గురించి రాయడానికి ఆ ఊరికి కొంచెం దూరం కావాలి. ఇది నా అనుభవం.

జవాబు: విజయనగరం మాస్టారు

అమ్మా, నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. విజయనగరంలోనే ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. గురజాడ పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని, ఒక ఆడపిల్ల తన మామ్మ మాటల మీద పరిశోధన చేస్తానంటే "ఇందులో ఏముంది" అన్నారని చదివాక ఊరుకోలేకపోయాను.

మీ మొదటి ప్రశ్నకి జవాబు, నిస్సందేహంగా పరిశోధనే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదలైంది. 1962లో వ్యవసాయం మాటలు, 1971లో చేనేత మాటలు వచ్చాయి. చేనేత సంపుటం సంపాదించి మొదటి నుంచి చివరి దాకా చదవండి. వడుకు పనికి సంబంధించిన మాటలు అందులో ఎన్ని ఉన్నాయో, మీ మామ్మ నోట వినే మాటల్లో ఎన్ని లేవో లెక్క తీయండి. ఆ లెక్కే మీ సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) మొదటి పేజీ. తర్వాత శోధ్‌గంగలో (పీహెచ్‌డీ గ్రంథాలు పెట్టే వెబ్‌సైటులో) చేనేత, వృత్తి పదాల మీద వచ్చిన తెలుగు సిద్ధాంత గ్రంథాలు వెతకండి. ఆ రెండూ చేతిలో పెట్టుకుని వెళితే ఏ గైడైనా వినే తీరు వేరుగా ఉంటుంది. "మా మామ్మ నూలు వడుకుతుంది" అంటే ముచ్చటగా విని పంపేస్తారు. "ఇన్ని మాటలు ఎక్కడా నమోదు కాలేదు, ఇదిగో పట్టిక" అంటే కూర్చోబెడతారు.

పైన తమ్ముడు జేఆర్ఎఫ్ గురించి చెప్పింది సబబే. డబ్బు ఇబ్బంది తీరాలంటే అదే దారి. ఊరు దాటాలన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఈ అంశానికి కావలసిన మనుషులు పొందూరులోనే ఉన్నారు. జర్నళ్ల కోసం కూడా హైదరాబాదే పోనక్కర్లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం 2025లో మొదలయ్యాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. చేరాక అక్కడి లైబ్రరీలో అడగండి.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. మీరు అడిగినవన్నీ అడ్మిషన్ గురించే. అడ్మిషన్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వస్తుంది. మీ మామ్మ గారికి 79. నా ఉద్యోగం తొలి రోజుల్లో, గజపతినగరం వైపు ఏతాం తోడేటప్పుడు పాడే పాటలు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు. రిజిస్ట్రేషన్ అయ్యాక, టేప్‌రికార్డర్ కొన్నాక వెళదామనుకున్నాను. రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చిన నెలలోనే ఆయన పోయారు. ఆ పాటల్లో రెండు చరణాలు మాత్రమే నాకు గుర్తున్నాయి, అవీ సగం సగం. నా సిద్ధాంత గ్రంథం వేరే అంశం మీద పూర్తయింది, డిగ్రీ వచ్చింది. ఇప్పటికీ ఆ ఇంటి మీదుగా వెళితే తల తిప్పుకుంటాను.

మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడి మాస్టారు. గిరిజనుల భాష సవర మాట్లాడేవాళ్లని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి 75 ఏళ్లు. ఆయన ఆ పని ఎప్పుడో బడి పంతులుగా ఉండగానే మొదలుపెట్టారు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపండి, ఫోన్ నేల మీద కాకుండా పీట మీద మెత్తటి గుడ్డ వేసి పెట్టండి. మొదట తేదీ, ఊరు, మామ్మ గారి పేరు, వయసు మీరే గట్టిగా చెప్పండి. రికార్డు చేస్తున్నానని ఆవిడకి చెప్పి, సరే అన్నాకే మొదలుపెట్టండి. సొంత మామ్మ అయినా సరే. "దీన్నేమంటారు" అని వరసగా అడగకండి, పరీక్షలా అనిపించి బిగుసుకుపోతారు. ఆవిడ పని చేస్తుంటే పక్కన కూర్చుని మీరు తప్పుగా చేయండి. సరిదిద్దడానికి నోరు తెరుస్తారు కదా, అప్పుడు వస్తాయి అసలైన మాటలు. పుస్తకంలోని మాట మీరు ముందు అందించకండి. మీరు ఒకసారి అంటే ఆవిడా మర్యాదకి అదే అంటారు. పుస్తకంలో "చిలుప" అని ఉందనుకోండి. ఆవిడ "సిలప" అంటే "సిలప" అనే రాయండి. శ్రీకాకుళం నోట చకారం సకారమైతే అది తప్పు కాదు, మీకు అదే కావాలి. ఒక్కో మాటకి ఒక్కో చీటీ: మాట, అర్థం, ఆ మాట వచ్చిన వాక్యం మొత్తం, సామాను అయితే ఫొటో. మామ్మ గారితో ఆగకుండా, ఆవిడ వయసు వాళ్లని ఇంకో ఏడెనిమిది మందిని కూడా కలవండి. ఒక్క నోటి మాట ఆ ఇంటి మాట అనిపించుకుంటుంది. ఎనిమిది నోళ్ల మాటైతే ఊరి మాట.

నెట్ చదువు రోజూ పొద్దున ఒక గంట. ఉద్యోగం ఇప్పుడే మానకండి.

జవాబు: పొందూరు పిల్ల

అందరికీ చేతులెత్తి నమస్కారం. అక్కా, ఎన్‌వోసీ కోసం ఇంక వాళ్ల చుట్టూ తిరగను. టెక్కలి అన్నయ్యా, ఈసారి నెట్‌కి అప్లై చేస్తున్నాను. నాన్నకి 37,000 సంగతి చెప్పాను. పెళ్లి మాట ఒక ఏడాది ఆగనీ అన్నారు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

మాస్టారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆదివారం దాకా ఆగలేదు, శనివారం రాత్రే కూర్చున్నాను. 50 నిమిషాలు వచ్చింది. మీరు చెప్పినట్టే దవడ తిరగేసి పట్టుకుని దువ్వాను. మామ్మ నా చేతిలోంచి లాక్కుని మొత్తం చేసి చూపించింది. నేను పొరపాటున "ఈ దువ్వెన" అన్నాను. "దువ్వెనేటే, నీ జడకా? దవడ అను" అంది. ఆ ఒక్క రాత్రికే 31 చీటీలు అయ్యాయి. అందులో నాలుగు మాటలు నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ విననివి. ఇన్నాళ్లూ పక్కనే ఉన్నాను, అడగలేదు. చివర్లో తన గొంతు తనకి వినిపించమంది. విని, "ఇది నా మాటేనా" అని రెండుసార్లు అడిగింది.

చదువుతున్నవాళ్లందరికీ ఒక మనవి. మీ ఇంట్లో అటక మీద పాత రాట్నం ఉంటే దింపి, ఫొటో ఇక్కడ పెట్టండి. దాని భాగాలకి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో, ఊరి పేరుతో సహా, మీరు సరిదిద్దకుండా వాళ్లు పలికినట్టే రాయండి.