అర్జెంటీనాలో మొదటి స్థానంలో వచ్చిన అభ్యర్థి ఎందుకు గెలవలేదు? ఈ 45, 40 శాతాల లెక్క ఏంటి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. రెండు రోజులుగా అర్జెంటీనా ఎన్నికల గురించి చదువుతున్నాను, ఒక్క చోట మాత్రం బుర్ర తిరిగిపోతోంది. 2023 అక్టోబర్‌లో సెర్గియో మస్సాకు దాదాపు 37 శాతం ఓట్లు, జేవియర్ మిలేకు 30 శాతం ఓట్లు వచ్చాయి. ఏడు శాతం అంటే చిన్న తేడా కాదు కదా, అయినా నవంబర్‌లో వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ ఓటింగ్ పెట్టారు, చివరికి మిలే అధ్యక్షుడయ్యారు. సరే, సగానికి మించి ఓట్లు రావాలేమో అనుకున్నాను, కానీ 2019లో అల్బెర్టో ఫెర్నాండెజ్ 48 శాతంతోనే మొదటి రౌండ్‌లో గెలిచేశారు. మరి రూల్ ఏంటి? పైగా ఆగస్టులోనే ఇంకో ఎన్నిక జరిగిందంటున్నారు, అది దేనికి?

జవాబు 1:
సగం దాటాలన్న రూల్ అక్కడ లేదండీ, అందుకే మీకు లెక్క కుదరడం లేదు. మొదటి రౌండ్‌లోనే గెలవడానికి రెండు దారులున్నాయి. 45 శాతం దాటితే చాలు, రెండో స్థానంలో ఉన్నవారికి ఎన్ని వచ్చాయో చూడరు. లేదంటే కనీసం 40 శాతం రావాలి, దాంతో పాటు రెండో అభ్యర్థి కన్నా 10 శాతానికి పైగా ముందుండాలి. ఖాళీగా వేసిన ఓట్లను ఈ లెక్కలోకి తీసుకోరు. ఫెర్నాండెజ్ 45 దాటారు కాబట్టి అక్కడితో అయిపోయింది. మస్సా 40 కూడా అందుకోలేదు. నాకు ఆ ఎన్నికలో బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే: ఇంకో మూడు నాలుగు శాతం మస్సా వైపు వచ్చి, మిలే ఆ 30 దగ్గరే ఆగిపోయి ఉంటే రెండో రౌండే ఉండేది కాదు. మూడో స్థానంలో 24 శాతం దాకా తెచ్చుకున్న పట్రీషియా బుల్రిచ్ ఆ తర్వాత మిలేకు మద్దతు ప్రకటించారు, నవంబర్ 19న ఆయన 55 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు.

ఈ పద్ధతి 1994 రాజ్యాంగ సవరణతో వచ్చింది. అంతకు ముందు అధ్యక్షుణ్ణి ఎలక్టోరల్ కాలేజీ, అంటే జనం ఎన్నుకున్న ప్రతినిధుల బృందం, ఎన్నుకునేది, పదవీకాలం ఆరేళ్ళు. ఇప్పుడు జనమే నేరుగా ఎన్నుకుంటారు, పదవీకాలం నాలుగేళ్ళు, వెంటనే ఇంకోసారి మాత్రమే పోటీ చేయొచ్చు.

జవాబు 2:
పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. అధ్యక్ష పదవికి రెండో రౌండ్ ఓటింగ్ నిజంగా జరిగింది రెండుసార్లే, 2015లో, 2023లో. రెండుసార్లూ మొదటి రౌండ్‌లో ముందున్నవారే ఓడిపోయారు! 2015లో డేనియల్ షోలి 37 శాతంతో ముందుండి, 34 శాతం వచ్చిన మారిసియో మాక్రి చేతిలో ఓడారు. 2003లో కూడా జరగాల్సిందే కానీ, 24 శాతంతో మొదటి స్థానంలో ఉన్న కార్లోస్ మెనెమ్ ఓటింగ్‌కు నాలుగు రోజుల ముందు తప్పుకున్నారు, దాంతో 22 శాతమే వచ్చిన నెస్టర్ కిర్చ్‌నర్ అధ్యక్షుడైపోయారు. అంత తక్కువ ఓట్లతో పాలన మొదలుపెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక ఆగస్టు సంగతి. దాన్ని పాసో అంటారు, 2009లో చట్టం చేశారు, 2011లో మొదటిసారి వాడారు. పార్టీలన్నీ ఒకే రోజు తమ అభ్యర్థులను జనం ఓటుతోనే తేల్చుకోవాలి, ఒక్కరే అభ్యర్థి ఉన్నా సరే పాల్గొనాలి, 1.5 శాతం కూడా రాకపోతే అసలు ఎన్నికలో చోటు లేదు. ఉద్దేశం మంచిదే కానీ, నా అభిప్రాయంలో అది దేశమంతటా ఒక పెద్ద సర్వేలా తయారైంది. 2019 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు మాక్రి వెనకబడ్డారని తెలిసిన మర్నాడే అక్కడి కరెన్సీ పెసో విలువ కుప్పకూలింది, అసలు ఎన్నికకు ఇంకా రెండు నెలలకు పైగా టైముంది. 2025 ఎన్నికలకు పాసోను ఆపేశారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, 40 శాతంతో పాటు 10 తేడా కూడా ఉండాలన్నది నేను చూడలేదు. ఇంకొక్కటి, 2025లో ఎన్నికలు జరిగాయి కదా, మరి మిలే పదవిలోనే ఎలా ఉన్నారు? ఓటు వేయకపోతే ఫైన్ అంటారు, నిజమేనా?

జవాబు 3:
2025 అక్టోబర్‌లో జరిగింది పార్లమెంటుకు మాత్రమే. దిగువ సభలో 257 మంది ఉంటారు, రెండేళ్ళకోసారి అందులో సగం సీట్లకు ఎన్నిక. సెనేట్‌లో 72 మంది, రెండేళ్ళకోసారి మూడో వంతు. 23 ప్రావిన్సులు, బ్యూనస్ ఎయిరిస్ నగరం, ఒక్కో చోటికి ముగ్గురు సెనేటర్లు. మొదట వచ్చిన పార్టీకి రెండు సీట్లు, రెండో పార్టీకి ఒకటి. అంటే అధ్యక్షుడు కుర్చీలో ఉండగానే మధ్యలో జనం ఒకసారి తీర్పు చెప్తారు, ఇది నాకు చాలా నచ్చిన విషయం.

ఫైన్ నిజమే. 18 నుంచి 70 ఏళ్ళ లోపు వారు ఓటు వేయాల్సిందే. 16, 17 ఏళ్ళ పిల్లలకు హక్కుంది కానీ బలవంతం లేదు. జబ్బు చేసినా, పోలింగ్ కేంద్రానికి 500 కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్నా మినహాయింపు ఉంది. ఫైన్ మొత్తం మాత్రం చాలా చిన్నది.

అన్నిటికన్నా పెద్ద మార్పు బ్యాలెట్‌ది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ప్రతి పార్టీకీ విడి కాగితం ఉండేది. ఓటరు ఒక గదిలోకి ఒంటరిగా వెళ్ళి (దాన్ని చీకటి గది అనే పిలుస్తారు), అక్కడ పేర్చిన కాగితాల్లోంచి తనకు కావాల్సింది తీసి కవర్లో పెట్టేవారు. అధ్యక్షుడికి ఒక పార్టీ, ఎంపీలకు ఇంకో పార్టీ కావాలంటే కాగితాన్ని కత్తిరించి ముక్కలు కలిపి పెట్టాలి! పక్క పార్టీల కాగితాలు మాయం చేస్తున్నారని ప్రతిసారీ గొడవే, కాబట్టి ప్రతి గదికీ కాపలా పెట్టుకోలేని చిన్న పార్టీలకు అది పెద్ద టెన్షన్. 2025లో మొదటిసారి దేశమంతటా అన్ని పార్టీలూ ఉన్న ఒకే కాగితం ఇచ్చారు, పెన్నుతో గుర్తు పెట్టి మడిచి పెట్టెలో వేయడమే. అధ్యక్ష ఎన్నికకు ఈ కాగితం ఇంకా వాడలేదు, 2027లో చూడాలి.