‘దక్షు లెవ్వార లుపేక్ష...’ ఇది కోర్టుకా, పార్లమెంటుకా?

కలికితురాయి:
మా అమ్మాయి కాలేజీలో మాక్ పార్లమెంట్. పెళ్లి చట్టాల విషయంలో న్యాయస్థానాలు హద్దు మీరుతున్నాయా అన్నది చర్చ. మా అమ్మాయిని కోర్టు వైపు మాట్లాడమన్నారు. తిక్కనగారి పద్యం ఒకటి వాడమని ఎగదోసింది నేనే. తీరా చూస్తే ‘దక్షు లెవ్వార లుపేక్ష చేసిన నది వారల చేటగు’ దగ్గర ఏదో అక్షరం కాలికి అడ్డం పడుతోంది. కౌరవసభలో కృష్ణుడి రాయబారంలోది, ‘సారపు ధర్మమున్’ అని ఎత్తుకునేది. పాపమూ బొంకూ ధర్మాన్నీ సత్యాన్నీ చెడగొడుతుంటే, ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకే చేటు, ధర్మాన్ని దైవం గట్టెక్కిస్తుంది అని భావం. ఇంకో సందేహం కూడా ఉంది. ఈ ‘దక్షులు’ తీర్పు చెప్పగలవాళ్లా, చట్టం చేయగలవాళ్లా?

గణగణ:
‘చేసిన నది’ కాదు, ‘సేసి రది’. ఉత్పలమాలలో యతి కోసం పదో అక్షరం దగ్గర ‘వా’ పడాలి. మీ పాఠంలో అది పదకొండుకు జారింది. అడ్డం పడే అక్షరం అదే.

కలికితురాయి:
హమ్మయ్య. ‘సేసి’నా, ‘చేసి’నా?

గణగణ:
‘ఉపేక్ష’ ప్రథమాంతం కాబట్టి ‘సే’. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు, అంటే ‘చ’ ‘స’ అవుతుంది.

పెన్నా గట్టు:
ఆ సూత్రంలోనే ‘బహుళంబుగా’, అంటే ఒక్కోసారి కాకనూ పోవచ్చు అని, బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఒక తలుపు తీసిపెట్టాడు, అది మింగేశారేం? పైగా సూరి పుట్టింది తిక్కన పోయిన ఐదారు వందల ఏళ్లకి. ఆయన సూత్రంతో ఈయన్ని దిద్దడమేమిటి? నేను ‘చేసి’ అనే చదువుతాను. యతిప్రాసలకు ఏ లోటూ లేదు.

గణగణ:
లోటు లేకపోవడం వేరు, కవి రాసింది కావడం వేరు గట్టుగారూ.

శకటరేఫ:
సే, చే తర్వాత తేల్చుకోండి. రెండో పాదం టైపు చేసేటప్పుడు మాత్రం ‘చెడఁబాఱిన’కు బండి ఱ పెట్టండి. అదే పాదం మొదట్లో ‘బారము’, అంటే పారము, అవతలి ఒడ్డు. అది మామూలు ర. ఇది పాఱు. ఒడ్డు చేరలేక చెడిపోవడం. ఆ రెండూ ఒకే పాదంలో పక్కపక్కన పెట్టాడాయన. రెంటికీ ఒకే ర రాస్తే పద్యం చదివినట్టే కాదు.

నల్లకోటు:
నేను వచ్చింది ఆ ‘చెడఁబాఱిన’ కోసమే. మళ్లీ అతకనంతగా విరిగిపోయిన కాపురం అనే విడాకుల కారణానికి ఇంత చక్కటి తెలుగు నాకు ఇంకెక్కడా దొరకలేదు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం నేటికీ లేదు. చేర్చమని లా కమిషన్ 71వ నివేదికలో, 1978లోనే చెప్పింది. 2006లో సుప్రీంకోర్టు ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2009లో 217వ నివేదిక మళ్లీ అదే చెప్పింది. 2010లో బిల్లు పెట్టారు, 2013లో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. చివరికి 2023 మే 1న అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం, సంపూర్ణ న్యాయం కోసం తమకు ప్రత్యేక అధికారమిచ్చే రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ కారణం మీద విడాకులు తామే ఇవ్వొచ్చంది. ఇప్పుడు చెప్పండి, ఉపేక్ష చేసిందెవరు? నా లెక్కలో పార్లమెంటే.

శకటరేఫ:
వకీలుగారూ, పద్యంలో చెడఁబాఱింది కాపురం కాదండీ. ధర్మమూ సత్యమూ. మొదటి పాదం చూడండి.

నల్లకోటు:
చూశానండీ. ఎరువు తెచ్చుకున్నాను, అంతే.

ఆదికవి పక్షం:
పెళ్లి తగాదాకు తిక్కన దగ్గరికి ఎందుకు పోయారసలు? నన్నయ శకుంతల ఉండగా! సాక్షుల్లేని గాంధర్వ వివాహం, నిండు సభలో ‘నువ్వెవరో నాకు తెలియదు’ అనే మొగుడు, ఆ మొగుడే న్యాయమూర్తి. ‘నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె’ అని ఆమె మొదలుపెడితే ఏ ధర్మాసనమైనా లేచి నిలబడాలి. తీర్పు ఇచ్చింది ఆకాశవాణి. 142 కంటే పెద్ద అధికారం, అప్పీలు లేదు.

పెన్నా గట్టు:
ఆ పద్యం బంగారమే, కాదన్నదెవరు? కానీ బావులూ యజ్ఞాలూ కొడుకూ సత్యమూ అని మెట్లు కట్టిన పద్యమది. సభలో ఎదుటివాడి మొహంలోకి చూస్తూ మాట్లాడాలంటే తిక్కనే. నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా పనిచేసినవాడు. సభలో ఎవరు నోరు మెదపరో, ఎందుకు మెదపరో ఆయనకు దగ్గరగా తెలుసు. అందుకే ‘దక్షులు’ అన్నాడు. మూలంలో ఆ మాట లేదు, గమనించారా? వ్యాసుడిది ‘హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’. చూస్తూ ఊరుకున్న సభాసదులు చచ్చినవాళ్లతో సమానం అని. ‘సభాసదులు’ తీసేసి ‘దక్షులు’ పెట్టాడు. కుర్చీ ఉన్నవాడు కాదు, చేవ ఉన్నవాడు బాధ్యుడు. ఈ ఒక్క మార్పుకు ఆయనకు ఇంకో కవిబ్రహ్మ బిరుదు ఇవ్వొచ్చు.

గణగణ:
‘ప్రేక్షమాణానాం’లోని ఈక్షనే ‘ఉపేక్ష’లోకి తెచ్చాడు. మీరు అది వదిలేశారు.

పెన్నా గట్టు:
వదిలెయ్యలేదు, మీకోసం ఉంచాను.

నల్లకోటు:
మూలశ్లోకం దగ్గర ఇంకో ముడి ఉంది. అదే శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది, 14వది. ఆ అధ్యాయం వ్యాజ్యాల విచారణ గురించి. అక్కడ సభాసదులంటే తీర్పరులే. దాని ముందు శ్లోకం ‘సభా వా న ప్రవేష్టవ్యా’. సభకు పోనన్నా పోకు, పోతే సరైన మాట చెప్పు అని. అది ఎక్కడ చెక్కారనుకున్నారు? పాత పార్లమెంటు భవనంలో, లిఫ్టు పైనున్న గుమ్మటం లోపల. కోర్టుకు చెప్పిన శ్లోకం పార్లమెంటు తీసుకుంది. సుప్రీంకోర్టేమో ‘యతో ధర్మస్తతో జయః’ అని యుద్ధంలో మాట పెట్టుకుంది. హద్దులు మీరడం అక్కడే మొదలైంది.

కలికితురాయి:
అయితే మా అమ్మాయి ‘దక్షులు’ అంటే కోర్టు అనొచ్చా, అనకూడదా?

గణగణ:
అంటే ఇరుక్కుంటుంది. నీతిశాస్త్రంలో ఉపేక్ష అంటే నిర్లక్ష్యం కాదు, ఉపాయం. నీతిసారం రాసిన కామందకుడు సామదానభేదదండాల తర్వాత మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపి ఏడన్నాడు. చేయగలిగి కూడా కావాలని పక్కకు జరగడమది. స్వలింగ వివాహాల కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చేసింది అదే. గుర్తింపు ఇవ్వడం మా పని కాదు, చట్టసభ చూసుకోవాలంది. అదే ఏడాది మేలో ముందుకు జరిగి, అక్టోబరులో పక్కకు జరిగింది. ఎదుటి పక్షం పిల్లలు రెండూ పట్టుకుని అడుగుతారు.

పెన్నా గట్టు:
కామందకుడి ఉపేక్ష శత్రువు మీద వాడేది. కృష్ణుడు ఇక్కడ మాట్లాడుతున్నది భీష్మద్రోణుల ముందు. జూదం నాడు ద్రౌపది అడిగింది వివాహ ధర్మం మీద ప్రశ్నే కదా, తన్నోడిన మొగుడికి భార్యను ఒడ్డే హక్కు ఉందా అని. భీష్ముడు ‘ధర్మం సూక్ష్మం’ అని తప్పుకున్నాడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడొక్కడే నోరు విప్పాడు. దాన్ని ఉపాయం అందామా?

ఆదికవి పక్షం:
ఆ ఘట్టం నన్నయది. సభాపర్వం. గుర్తు చేస్తున్నాను, అంతే.

పెన్నా గట్టు:
తెలుసండీ, తెలుసు.

నల్లకోటు:
ఇంకో మాట కూడా పాప నోట్సులో పెట్టండి. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ కొట్టేశారు. కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆజ్ఞ తెచ్చుకునే సెక్షన్ అది. మరుసటి ఏడాదే వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని నిలబెట్టింది. ఒక కోర్టు హద్దు మీరిందని ఇంకో కోర్టే అన్నట్టు. పార్లమెంటు అప్పుడూ మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడలేదు. 142 సంగతికొస్తే, ఆ అధికారం సుప్రీంకోర్టు ఒక్కదానిదే. కింద ఫ్యామిలీ కోర్టులో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకు అది లేదు. ఢిల్లీ దాకా పోగలిగినవాళ్లే దక్షులు అనుకోవాలేమో.

శకటరేఫ:
ఈ అర్థం తిక్కనకు తోచి ఉండదు. బాగుంది కానీ.

కలికితురాయి:
ఇంకొక్కటి అడుగుతాను, తిట్టొద్దు. చివర ‘ధర్మ నిస్తారక మయ్యు’ కదా? మా మామగారు ‘ధర్మ విస్తారక’ అంటున్నారు. ఆయన పద్యాలు పాడిన మనిషి, ఎదురు చెప్పలేకపోతున్నాను.

గణగణ:
గణం రెండింటికీ సరిపోతుంది. యతి ‘స్తా’కూ ‘దా’కూ, అదీ చెడదు. ఛందస్సు ఏ వైపూ తీర్పు చెప్పదు.

శకటరేఫ:
నిస్తారకమే. రెండో పాదంలో ‘పారము’ ఉంది. ఒడ్డు చేరలేని దాన్ని నాలుగో పాదంలో దైవం ఒడ్డు చేరుస్తుంది. విస్తరించడం ఎక్కణ్నుంచి వచ్చింది?

పెన్నా గట్టు:
మామగారి ఊరేది? నాటకాల్లో పాడేవాళ్ల నోట ‘విస్తారక’ నేనూ విన్నాను. ఆయన దగ్గర పాత అచ్చు ప్రతి ఏదైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి. అలాగే మూడో పాదంలో ‘చే’ ఉందో ‘సే’ ఉందో కూడా చూడండి.

గణగణ:
‘సే’నే ఉంటుంది.