దీపావళి ప్రత్యక్ష ప్రసారం: సరిగ్గా సాయంత్రం 5 గంటలకు ఇంటర్నెట్ లైను తెగిపోవడం గురించి

సాంకేతిక బాధ్యుడు, అక్టోబరు 19

కార్యకర్తలందరికీ నమస్కారం. నవంబరు 8న ఇక్కడ బ్రిటన్ నుంచి మనం చేయబోయే దీపావళి ప్రసారం కోసం ఈ నెల 4, 11, 18 తేదీల్లో జరిగిన మూడు రిహార్సల్సులోనూ ప్రసారం సరిగ్గా 5 గంటలకే ఆగిపోయింది. నిన్న ఒక పాప పద్యం రెండో పాదంలో ఉండగా రూటర్ మీది దీపం ఎర్రబడింది, కరీంనగర్‌లో ఫోను ముందు కూర్చున్న తాతగారికి మిగతా రెండు పాదాలూ వినపడలేదు. ఆ పెద్దాయన కోసమైనా దీన్ని మనం తేల్చుకోవాలి.

ప్రసారం జరిగే ఇంటికి ఫైబర్ ఇంకా రాలేదు. వీధి పెట్టె దాకా ఫైబర్ ఉన్నా, అక్కడి నుంచి గుమ్మం దాకా పాత టెలిఫోను రాగి తీగే ఉంది. ఆ తీగ మీద సంకేతాలు దాదాపు 17 మెగాహెర్ట్జ్ దాకా ప్రయాణిస్తాయి కాబట్టి, సరైన ఫిల్టరు లేని చౌక అడాప్టర్ ఏదైనా దగ్గర్లో పనిచేస్తుంటే అది వెలువరించే రేడియో రొదను తీగ యాంటెన్నాలా పట్టేస్తుంది. రూటర్ పేజీలో చూశాను. పగలంతా 6 డెసిబెల్స్ ఉన్న సిగ్నల్ మార్జిన్ (లైను నిలవడానికి కావలసినదానికి మించి సంకేతానికి ఉన్న అదనపు బలం) 5 గంటలు కాగానే 1 కంటే కిందికి పడిపోయి, లోపాల లెక్క ఒక్కసారిగా వేలల్లోకి వెళ్లింది. ఇది వైఫై సమస్య కాదు. నిన్న ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తోనే కలిపాము.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ సమయం. చీకటి పడితే వెలిగే సెన్సర్ దీపం కారణమైతే, పొద్దు కుంచించుకుపోతున్న ఈ రోజుల్లో లైను వారం వారం ఇంకాస్త ముందే తెగి ఉండేది. మూడు ఆదివారాలూ నిమిషం తేడా లేదంటే అది టైమరుకు తగిలించిన వస్తువే అయి ఉండాలి. వేల్స్‌లోని అబర్‌హోసన్ గ్రామంలో 18 నెలల పాటు రోజూ ఉదయం 7 గంటలకు ఊరందరి ఇంటర్నెట్ పడిపోతుంటే, కేబుళ్లు మార్చినా ఫలితం లేక, చివరికి ఇంజినీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ (రేడియో రొదను కొలిచే పరికరం) పట్టుకుని ఊరంతా నడిచి, ఒక ఇంట్లో ఆ వేళకు ఆన్ చేసే పాత టీవీయే కారణమని కనుక్కున్నారు. ఈ సంగతి 2020లో వార్తల్లో వచ్చింది. మన చిక్కు కూడా ఆ జాతిదేనని నా నమ్మకం.

ఆ ఇంటివారికి రెండు విన్నపాలు. మాస్టర్ సాకెట్ (టెలిఫోను తీగ ఇంట్లోకి వచ్చి చేరే మొదటి గోడ పెట్టె) కింది మూత మరలు విప్పితే లోపల టెస్ట్ సాకెట్ కనబడుతుంది. రూటర్‌ను నేరుగా దానికి తగిలించి చూస్తే, ఇంటి లోపలి ఎక్స్‌టెన్షన్ తీగల తప్పు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. తర్వాత బ్యాటరీతో నడిచే పాత రేడియోను మీడియం వేవ్‌లో స్టేషను ఏదీ రాని చోట, 612 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, 5 గంటలకు చేతపట్టుకుని గది గదీ తిరగండి. గరగర ఎక్కడ పెరిగితే అక్కడికి వెళ్లండి. రూటర్‌ను మాత్రం మళ్లీ మళ్లీ ఆపి పెట్టకండి. ఆ పని మూడు వారాలూ నేనే చేశాను, అది పొరపాటు. లైను మాటిమాటికీ తెగుతోందని కంపెనీ వారి స్వయంచాలక వ్యవస్థ అనుకుంటే వేగాన్ని తగ్గిస్తుంది, ఆ వేగం తిరిగి పెరగడానికి రోజులు పడుతుంది.

ఆతిథ్య గృహిణి, అక్టోబరు 21

అన్నయ్యగారూ, నిన్న సాయంత్రం మీరు చెప్పినట్లే చేశాము. టెస్ట్ సాకెట్‌లో పెట్టినా 5 గంటలకు లైను తెగింది. కిటికీకి కట్టిన రంగు దీపాల మీద అందరికీ అనుమానం ఉండేది గానీ, వాటి ప్లగ్గు తీసినా రేడియోలో రొద తగ్గలేదు. హాల్లో సన్నగా వినిపించిన గరగర మెట్ల దగ్గర పెరిగి, పూజ అలమర ముందుకు వచ్చేసరికి మా అబ్బాయి చెవులు మూసుకునేంత అయింది. సంధ్యాదీపం వేళ తప్పకూడదని మా అత్తయ్యగారు దేవుడి చిన్న దీపాల దండను టైమరుకు తగిలించి 5 గంటలకు పెట్టుకున్నారు. అడాప్టర్ తీయగానే రేడియో నిశ్శబ్దమైపోయింది. మళ్లీ పెడితే మళ్లీ రొద. మూడుసార్లు పెట్టి తీసి చూశాము. ఆవిడ తానే ఆ దండ తీసేసి, ఇకపై నూనె దీపమే పెట్టుకుంటానన్నారు.

కార్యక్రమ నిర్వాహకురాలు, అక్టోబరు 21

అత్తయ్యగారికి మా అందరి తరఫున కృతజ్ఞతలు చెప్పండి. లైను తెగుతుందేమోనని హారతిని ముందుగానే జరుపుదామనుకున్నాము కదా, ఆ అవసరం ఇంకా ఉందా?

సాంకేతిక బాధ్యుడు, అక్టోబరు 22

అవసరం లేదండీ. నిజానికి పెద్ద గండమే తప్పింది. 25న చలికాలపు లెక్క మొదలై ఇక్కడి గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి గానీ, ఆ గుండ్రటి టైమరు తనంతట తాను మారదు. అది పాత లెక్కనే నడిచి ఉంటే నవంబరు 8న దండ 4 గంటలకు, అంటే సరిగ్గా మన మంగళహారతి వేళకే వెలిగేది. అప్పుడు ఇండియాలో మన ఊళ్లలో రాత్రి తొమ్మిదిన్నర, పెద్దవాళ్లు నిద్ర ఆపుకుని చూసే సమయం.

నిన్న సాయంత్రం మార్జిన్ 6 దగ్గరే నిలిచింది. అప్‌లోడ్ వేగం 20 మెగాబిట్ల నుంచి 9కి పడిపోయి ఉంది, అయినా మన ప్రసారానికి 6 మెగాబిట్లు చాలు. ఆ రోజు దాకా రూటర్‌ను ఎవరూ ఆపవద్దు.

నాకున్న మిగిలిన బెంగ అలంకరణ గురించి. ఆ రోజు పది ఇళ్ల నుంచి దీపాల దండలు వస్తాయి, వాటిలో ఏ అడాప్టర్ ఎలాంటిదో చూసి చెప్పలేము. కాబట్టి అలంకరణ బాధ్యులు దండలన్నిటినీ 7వ తేదీ శనివారమే ఆ ఇంటికి చేర్చితే, ఒక్కొక్కటీ వెలిగించి రేడియోతో పరీక్షిద్దాము. రొద చేసేవాటిని పక్కన పెట్టి, ఆ చోట ప్రమిదలు పెడదాము. ఫోను ఛార్జర్లు రూటర్ ఉన్న గదిలోకి తేవద్దు. రేడియో నేను తెస్తాను, ఉదయం 10 గంటలకు వచ్చేవాళ్లు ఇక్కడే తెలపండి.