పాదు అంటే గొయ్యా, తీగా?

గ్రూపులో పెద్దలకి నమస్కారం అండి. మాది అంబాజీపేట, ఇప్పుడు కొలరాడోలో ఉంటున్నాం. ఇక్కడ కొలంబైన్ అని ఒక పువ్వుంది, 1899 నుంచి ఈ రాష్ట్రం పువ్వు అదే, మొన్న మొక్కలు తెచ్చి పెరట్లో వేశాం. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "దానికి పాదు చేశావా" అంది, మళ్ళీ ఆ నోటితోనే "మన బీరపాదు విరగకాసింది" అంది. ఇంతకీ పాదు అంటే గొయ్యా, తీగా?

> రెండూనండి. చెట్టు మొదట్లో మట్టి తవ్వి నీళ్ళు నిలిచేలా చుట్టూ గట్టేస్తే అది పాదు, కొబ్బరికైతే మొదలు నుంచి 1.8 మీటర్ల దాకా గుండ్రంగా తీసి ఎరువు వెయ్యమంటారు వ్యవసాయం వాళ్ళు. తీగ జాతులకి ఒక్కో గుంటలో మూడో నాలుగో గింజలు పెడతాం కదా, అందులోంచి ఎన్ని తీగలు లేచి పందిరెక్కినా అదంతా ఒక పాదే, "రెండు ఆనపపాదులు పెట్టాను, ఇంటికి చాలు" అంటారు చూడండి. చోటు పేరు మొక్కకి అంటుకుపోయింది. వంగపాదు అని మాత్రం ఎవరూ అనరు, వంగమొక్కే. పాదుకొనడం కూడా ఇక్కడిదే, పేపర్లో "విలువలు పాదుకొల్పాలి" అని రాసేవాళ్ళలో పలుగు పట్టినోళ్ళు ఎంతమందో గాని.

> ఆలవాలం మర్చిపోయారేంటండీ? "సుగుణాలకు ఆలవాలం" అని సన్మానపత్రాల్లో తెగ వాడతాం, సంస్కృతంలో దానర్థం అచ్చంగా మన పాదే.

> అవునండోయ్. ఇక మీ పువ్వు సంగతి, ఈ ఒక్కదానికీ అమ్మగారి మాట వినకండి. కొలంబైన్‌కి పాదు చేస్తే నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళిపోద్ది. నీరు జారిపోయే నేల, మధ్యాహ్నం కాస్త నీడ ఉంటే చాలు. తల్లివేరు లోతుకి దిగుద్ది కాబట్టి ఎదిగాక పీకి ఇంకోచోట పెడితే ఓ పట్టాన తేరుకోదు. విత్తనాలైతే తడి ఇసకలో కలిపి ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలుంచి పైపైన చల్లండి, మట్టి కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనపడితే లోపల పురుగు తొలిచేస్తోందని లెక్క, ఆ ఆకులు తుంచి పారెయ్యండి, మందులక్కర్లేదు.

విత్తనం ఇండియాకి పంపమంటోందండి అమ్మ, కడియంలో ఇచ్చి మొక్క కట్టిస్తాదంట.

> కడియపులంకలో పెంచని మొక్క లేదు గానీ ఇది చలిదేశపు సరుకండి, కాశ్మీరు వైపు కొండల్లో దీని జాతులున్నాయి, మన మే నెల ఎండకీ ఉక్కకీ ఆగదు. మీ దగ్గరే ఎండిన కాయలు కొన్ని కొయ్యకుండా వదిలెయ్యండి, గింజలు రాలి చుట్టుపక్కల వాటంతటవే లేస్తాయి. ఒక్కో మొక్క మూడు నాలుగేళ్ళకి మించి ఉండదు, ఈ పిల్లమొక్కలే ఆ చోట పాదుకుంటాయి. రంగు మాత్రం తల్లిదే వస్తుందనుకోకండి, పక్కన వేరే రంగులుంటే కలిసిపోద్ది.