స్టిక్కర్ అరిగిపోయిన చైన్‌సా: మోడల్ గుర్తింపు, కార్బ్యురేటర్ సర్దుబాటు

ప్రశ్న: చేతులు మారి నా వద్దకు వచ్చిన పెట్రోల్ చైన్‌సా మీద మోడల్ స్టిక్కర్ పూర్తిగా అరిగిపోయింది. యాక్సిలరేటర్ వదిలేసినా గొలుసు మెల్లగా తిరుగుతూనే ఉంటోంది. తీరా గట్టిగా నొక్కితే ఇంజిన్ తడబడి ఆగిపోతోంది. పక్కన ఎల్, హెచ్, ఎల్ఏ అనే మూడు స్క్రూలు ఉన్నాయి. వేటిని తిప్పాలో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1: ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, ఎందుకంటే మురికి ఫిల్టర్‌తో చేసిన సర్దుబాటు ఫిల్టర్ మార్చిన మరునాడే తప్పిపోతుంది. నొక్కగానే తడబడటం సాధారణంగా ఎల్ (తక్కువ వేగంలో ఇంధనాన్ని నియంత్రించే స్క్రూ) వైపు ఇంధనం చాలకపోవడమే కాబట్టి, దానిని అపసవ్య దిశలో ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడండి. ఆ తర్వాతే ఎల్ఏను (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగాన్ని సర్దే స్క్రూ) అదే దిశలో కొద్దికొద్దిగా తిప్పుతూ, గొలుసు నిలిచిపోయి ఇంజిన్ మాత్రం నడిచే చోట ఆపండి. హెచ్ (ఎక్కువ వేగంలో ఇంధనాన్ని నియంత్రించే స్క్రూ) జోలికి ఊరికే పోవద్దు. అక్కడ ఇంధనం తగ్గితే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది.

సమాధానం 2: మోడల్ సంగతికి వస్తే, స్టిక్కర్ పోయినా క్రాంక్‌కేసు మీద చెక్కిన క్రమసంఖ్య తరచుగా మిగిలే ఉంటుంది. స్టిల్ కంపెనీ యంత్రాలలో పాత 026 మోడల్‌కు వారసురాలు ఎంఎస్ 260; హస్క్‌వర్నా కంపెనీ 550 మోడల్‌లో చివరి రెండంకెలు సుమారు 50 సీసీ ఇంజిన్‌ను సూచిస్తాయి. బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) మీది అంకెలు గొలుసు కొలతలే గానీ మోడల్ కాదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. తడబాటు పోయింది, కానీ ఎల్ఏ ఎంత తిప్పినా గొలుసు ఆగడం లేదు.

సమాధానం 1: అయితే ఇంజిన్‌ను గొలుసుతో కలిపే క్లచ్‌లోని స్ప్రింగ్ సాగిందో, విరిగిందో చూడండి.