సింగిల్ మాల్ట్ విస్కీ మొదలుపెట్టాలి, ఏ రెండు బాటిళ్లు తెప్పించుకోను?

ప్రశ్న: అన్నలూ, నేను ఇన్నాళ్లూ తాగింది బ్లెండెడ్ విస్కీయే, అదీ సోడాతోనే. మొన్న మా బావ లండన్ నుంచి తెచ్చిన లాఫ్రోయిగ్ 10 పోశాడు, గ్లాసు మూతి దగ్గరకి తెచ్చేసరికే హాస్పిటల్లో కట్టు కట్టేటప్పుడు వచ్చే వాసన, ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశా. సింగిల్ మాల్టంటే అన్నీ ఇంతేనా? బావ వచ్చే నెల మళ్లీ వస్తున్నాడు, డ్యూటీ ఫ్రీలో ఏవి తెమ్మనమంటారు?

జవాబు: తమ్ముడూ, సింగిల్ మాల్టంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ, అంతే. అన్నీ అలా ఉండవు, చివర్లో తాగాల్సింది నువ్వు ముందు తాగేశావు అంతే. ఆ వాసన పీట్‌ది. నీ లాఫ్రోయిగ్ వచ్చేది స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి, అక్కడ మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు బురదనేలల్లో వేల ఏళ్లుగా పేరుకుపోయిన గడ్డీగాదాన్ని, అదే పీట్, తవ్వి ఎండబెట్టి కింద కాలుస్తారు, ఆ పొగ గింజకి పట్టేస్తుంది, కట్టెల పొయ్యి మీద పాలు పొగచూరితే ఎంత కాచినా వాసన పోదు చూడు, అలాగ.

నన్నడిగితే గ్లెన్‌మోరంజీ ఒరిజినల్ ఒకటి, అదే కంపెనీ లసాంటా ఒకటి చెప్పు. వాళ్ల స్టిల్స్, అంటే సరుకు కాచి ఆవిరి పట్టే రాగి పాత్రలు, స్కాట్లాండ్‌లోనే ఎత్తైనవి, బరువు ఆవిరి పైదాకా పోలేక కిందికి జారిపోతుంది, అందుకే సరుకు తేలిగ్గా ఉంటుంది. ఒరిజినల్‌ని అంతకుముందు బోర్బన్ (అమెరికా విస్కీ) ఉంచిన పీపాల్లోనే ఉంచుతారు, నారింజ తొక్క, వెనీలా వాసన. లసాంటాని చివర్లో షెర్రీ (స్పెయిన్ వైన్) ఉంచిన పీపాల్లోకి మారుస్తారు, దాంట్లో ఎండు ద్రాక్ష తీపి వస్తుంది. రెండూ ఒకే రోజు పక్కపక్కన పెట్టుకుని తాగు, పీపా ఏం చేస్తుందో నీ నాలుకకే తెలిసిపోతుంది. పీపాలో ఎన్నేళ్లుందో చెప్పే వయసు నంబర్ చూసి 18 ఏళ్లదానికి డబ్బు పోయడం ఇప్పుడే వద్దు.

ప్రశ్న: థాంక్స్ అన్నా. నీళ్లు పోసుకోవచ్చా, ఐస్ వేసుకోవచ్చా? ఇక్కడ దొరికేవాటిలో ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఐస్ వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది. ఒక చిన్న పెగ్గు పోసి పది నిమిషాలు వదిలెయ్, ముందు అలాగే ఒక గుక్క, తర్వాత స్పూన్‌తో మామూలు నీళ్లు కొంచెం కొంచెంగా వెయ్, ఘాటు తగ్గి పళ్ల వాసన పైకొచ్చే చోటు ఒకటుంటుంది, అక్కడ ఆపు. ఇక్కడ దొరికేవాటిలో బెంగళూరు అమృత్ వాళ్ల ఫ్యూజన్ చాలా మంచిది, మన బార్లీతో పాటు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పీట్ బార్లీ కలుపుతారు కాబట్టి పొగ సన్నగా తగులుతుంది, కాకపోతే ఆల్కహాల్ 50 శాతం, నీళ్లు తప్పదు. దాని మీద వయసు లేదని తీసిపారెయ్యకు, స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా 2 శాతం ఆవిరైతే బెంగళూరు వేడికి 10 శాతం పైనే పోతుంది, అంత తొందరగా ముదురుతుంది. ఫ్యూజన్ తర్వాత హైలాండ్ పార్క్ 12, అప్పుడు మళ్లీ నీ లాఫ్రోయిగ్. ఆ బాటిల్ ఉందా ఇంకా? మూత బిగించి నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే కార్కు పాడవుతుంది, ఎండ తగలనివ్వకు.

ప్రశ్న: ముప్పావు బాటిల్ ఉందన్నా, బీరువాలో నిలబెట్టేశా ఇప్పుడే.